ఇరవై రెండు తర్వాత ఇరవై ఐదు

నన్ను నలుగురికి పరిచయం చేయాల్సి వస్తే ఎవరైనా మగ్గం ఫోటోతోనే మొదలుపెడతారు. పోయిన ఏడాది, చిత్రకళా కళాశాలలో ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పే పని నుంచి నేను ముందుగానే తప్పుకున్న రోజున కూడా అదే జరిగింది. పిల్లలు ఆ ఫోటోను గోడంత చేసి తెర మీద వేశారు. నేలలో గుంత, గుంత మీద మగ్గం, మగ్గం మీద పసుపుపచ్చ పట్టుపోగులు, మిద్దెలోని గవాక్షం నుంచి వాటి మీదికి ఏటవాలుగా దిగిన ఎండ. మనిషి లేడు. ఒక అమ్మాయి లేచి, "ఇది తీసేటప్పుడు మీరేం ఆలోచిస్తున్నారు సార్?" అని అడిగింది. వెలుతురు గురించి ఆలోచిస్తున్నానని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ పూట వెలుతురు గురించి తప్ప మరి దేని గురించీ ఆలోచించలేదు. తప్పు అదే. ఆ ఫోటోకు ముందు రెండు నిమిషాల్లో అక్కడ ఏం జరిగిందో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నేను చెప్పనూ లేదు. ఆ అమ్మాయి వయసు వాళ్లు, కెమెరా కొత్తగా చేతికి తీసుకున్న వాళ్లు చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను.

తొంభైల నడుమ, బెంగళూరులో బొమ్మల చదువు ముగించుకుని హిందూపురానికి తిరిగొచ్చాను. చదువుకునే రోజుల్లో మేము చాలా పెద్దవాళ్లమని అనుకునేవాళ్లం. హిందూపురంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. బస్టాండుకు దగ్గరలో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. దాని యజమానిని ఊరంతా పెద్దన్న అనేవారు, నేనూ అలాగే పిలిచాను. నెగెటివ్ మీద పెన్సిలు మొనతో ముఖాల మీది మచ్చలు చెరిపే పనిలో ఆయనను మించినవాడు మా వైపు లేడు. నా డిగ్రీ కాగితాన్ని ఒకసారి దీపం ముందు పెట్టి, నెగెటివ్‌ను చూసినట్టే చూసి, "బాగుండాది. మచ్చలేం లేవు" అని తిరిగిచ్చాడు.

చేరిన వారంలోనే నా చదువు చూపించబోయాను. సోమందేపల్లి నుంచి ఒక రైతు పాస్‌పోర్టు ఫోటోకు వచ్చాడు. ముఖం ముదురు రంగు, గీతలు గీతలుగా గొప్పగా ఉంది. ఒక్క దీపాన్నే పక్కనుంచి వేసి, సగం ముఖం చీకట్లో ఉండేలా తీశాను. మూడు రోజుల తర్వాత ఆయన ఫోటోలు పట్టుకుని వచ్చి పెద్దన్న ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, నాకు రెండో చెంప లేదా?"

"ఉండాది గదా, కనపడ్తాండాది" అన్నాడు పెద్దన్న.

"నీకు కనపడ్తాది. బ్యాంకాయనకు కనపడలేదంట. సగం మనిషికి సగం అప్పే వస్తాదని నవ్వినాడు."

పెద్దన్న తనే మళ్లీ ఫోటో తీసిచ్చాడు. ఆయన వెళ్లాక నాతో, "ఏమబ్బా ఆర్టిస్టూ, ముఖం ఆయనది. నువ్వేమీ దాన్ని తయారుచేసే పన్లేదు, ఉండేది తీస్తే చాలు" అన్నాడు. ఆ మాట నాకు చాలా చిన్నదిగా అనిపించింది. చదువు లేనివాడి మాట అనుకున్నాను.

ఇక్కడ మా పనిలోని ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇప్పుడు ఫోన్లో వెయ్యి తీసి వెయ్యి చెరిపేస్తారు. అప్పుడు ఒక రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. ఆల్బంలో ఎన్ని కావాలో పెళ్లివాళ్లు ముందే చెబితే, దానికి సరిపడా రీళ్లు తీసుకుని పోయేవాళ్లం. కానీ పెళ్లికి వచ్చిన ప్రతి ఒక్కరికీ వధూవరుల పక్కన నిలబడాలని ఉంటుంది. కాదంటే కోపాలు వస్తాయి. అందుకని ఒక ఉపాయం ఉండేది. ఫ్లాష్ వెనకాల ఒక చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే ఫ్లాష్ మెరుస్తుంది, కెమెరాలో రీలు మాత్రం కదలదు. నిలబడ్డవాళ్లు ఫోటో పడిందనుకుని సంతోషంగా దిగిపోతారు. దీన్ని ఉత్త ఫ్లాష్ అనేవాళ్లం. పెళ్లివాళ్లకూ ఇది తెలుసు, కొన్నిసార్లు వాళ్లే చెవిలో "వీళ్లకు ఉత్తదే కొట్టు" అని చెప్పేవారు. మా వైపు ఆ పని చేయని ఫోటోగ్రాఫరును నేను చూడలేదు.

పెద్దన్న అది నేర్పిన రోజునే ఒక కట్టుబాటు కూడా చెప్పాడు. "ముసలోళ్లకు, చంకలో బిడ్డలకు మాత్రం ఉత్తది కొట్టొద్దు. రీలు అయిపోయింటే అయిపోయిందని చెప్పు. తిట్టినా పడు." నేను తల ఊపాను. ఆ ఊపడంలో ఎంత మనసుందో ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఉత్త ఫ్లాష్ వల్ల నాకు వేరే లాభం ఉండేది. ప్రతి పెళ్లిలో రెండు మూడు ఫ్రేములు నాకోసం మిగుల్చుకునేవాణ్ణి. పెనుకొండ కోట గోడలు, రైల్వే గేటు దగ్గర ఆగిన ఎద్దులు, ఇలాంటివి తీసేవాణ్ణి. ల్యాబు నుంచి నెగెటివ్‌లు వచ్చాక నావి కత్తిరించుకుని, మిగిలినవి పెళ్లివాళ్లకు ఇచ్చేవాణ్ణి. బెంగళూరులో కొత్తవాళ్లకోసం ఒక ప్రదర్శన పెడతారని, దానికి మంచి ఫోటోలు పంపాలని పట్టుదల.

ఆ వేసవిలో ధర్మవరంలో ఒక నేతపని వాళ్ల ఇంటి పెళ్లి మాకు వచ్చింది. పెళ్లికూతుర్ని చేయడం ధర్మవరంలో వాళ్లింట్లో, మర్నాడు పెళ్లి పెనుకొండలో పెళ్లికొడుకు వాళ్ల ఊళ్లో. పెద్దన్నకు మోకాళ్ల నొప్పులు, రెండు రోజులకూ నన్నొక్కణ్ణే పంపాడు. పొద్దున ప్యాసింజరు బండిలో ధర్మవరం దిగాను.

పెళ్లికూతురికి తల్లి లేదు. తల్లి పోయినప్పటినుంచీ నాయనమ్మే పెంచిందట. ఆ వైపు అవ్వ అంటారు. ఇంట్లో ఎవరిని ఏమడిగినా "అవ్వనడుగు" అనేవారు. నలుగు పిండి ఎక్కడుందో, వచ్చినవాళ్లకు చాపలెక్కడున్నాయో అవ్వకే తెలుసు. కానీ పిల్లను పీట మీద కూర్చోబెట్టి పసుపు రాసే చోట అవ్వ లేదు. భర్త లేని మనిషి కాబట్టి వాకిలి దాటి ముందుకు రాలేదు. నేను తీసిన ఇరవై రెండు ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆమె లేదు. అప్పుడు నేను దాన్ని గమనించలేదు.

పని ముగిసి అందరూ భోజనాలకు పోయాక, చెప్పులు వెతుక్కుంటూ పక్క గదిలోకి తొంగి చూశాను. ఆ గదిలో మగ్గం ఉంది. గవాక్షంలోంచి ఎండ సరిగ్గా పోగుల మీద పడుతోంది. పోగులన్నీ వెలిగించినట్టున్నాయి. అలాంటి వెలుతురు పది నిమిషాలకు మించి ఉండదు. గబగబా కెమెరా తీశాను.

"ఏమబ్బా, నీ పని అయిపోయిందా?"

వెనక్కి తిరిగితే అవ్వ. ఎప్పుడు మార్చుకుందో, ఉతికి మడతపెట్టిన చీర కట్టుకుని ఉంది. మడత గీతలు ఇంకా పోలేదు.

"అయిపోయిందవ్వా."

"అయితే నాకొకటి తీస్తావా? ఆడ నలుగురిలో నేను నిలబడగూడదు. ఈడైతే ఎవురూ లేరు." కొంగు సర్దుకుని, "నాకోసం గాదులే. పిల్ల రేపు పెనుకొండకు పోతాది. యాడున్నా దాని పెట్టెలో నేనుండాల. ఇంతవరకూ ఎప్పుడూ దిగలేదబ్బా ఫోటో" అంది.

గవాక్షం వైపు చూశాను. ఎండ జరుగుతోంది. పెళ్లికోసం తెచ్చిన రీళ్లు పెట్టెలో ఉన్నాయి, వాటికి రేపటి లెక్క ఉంది. కెమెరాలో ఉన్న రీలులో ఇంకా పద్నాలుగు ఫ్రేములున్నాయి. అంటే నాకు కొరత లేదు. ఇది ఇప్పటికీ నన్ను నిలదీసే విషయం. ఒక్క ఫ్రేము ఖర్చయితే ఏమీ మునిగేది కాదు. ఆమెను సరిగ్గా నిలబెట్టి, దూరం సరిచూసి తీయడానికి ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో నా ఎండ పోతుందని భయం. కెమెరా ముఖానికి పెట్టుకుని ఫ్లాష్ వెనక బొత్తాం నొక్కాను. మెరిసింది.

"అయ్యో, కండ్లు మూసినట్లుండాది. ఇంకొకటి కొట్టబ్బా."

మళ్లీ బొత్తామే నొక్కాను.

"ఇప్పుడు బాగా వచ్చింటాదా?"

"బాగా వచ్చిందవ్వా. కొంచెం పక్కకు జరుగు, మగ్గం తీసుకోవాల."

"దాన్నేం తీస్తావు, పాతది!" అని నవ్వి పక్కకు జరిగింది. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం జరిగి గది బయటికి వెళ్లిపోయింది. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఫ్రేములు మగ్గం మీద తీశాను. రెండూ అద్భుతంగా వచ్చాయి.

ఆ రెంటిలో ఒకటి బెంగళూరు ప్రదర్శనకు ఎంపికైంది. పత్రికలో చిన్నగా పడింది కూడా. పెద్దన్న ఆ కాగితం ముక్కను కౌంటరు అద్దం కింద పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "మా ఆర్టిస్టు తీసినాడు. మనిషి లేకుండా తీసినాడు గాబట్టి ఎవురూ వచ్చి చెంప లేదని తగులుకోలేదు" అనేవాడు. నేను నేల మీద నడవడం మానేసి చాలా రోజులైంది.

వానలు వచ్చి పోయాక ఒక మధ్యాహ్నం ఆ పెళ్లికూతురు స్టూడియోకు వచ్చింది. ఒంటరిగా పెనుకొండ నుంచి బస్సులో వచ్చింది. చేతిలో నెగెటివ్‌ల కవరు.

"అన్నా, మా అవ్వ పోయింది. నెల దాటింది" అంది.

ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు.

"మా ఇంట్లో ఎవురి దగ్గరా అవ్వ ఫోటో లేదు. రేషను కార్డులో కూడా మా నాయనదే ఉండాది. అవ్వేమో, నన్ను ఆ పిల్లోడు ఫోటో తీసినాడే, రెండు సార్లు మెరిసింది, అని ఊరంతా చెప్పుకుంది. ఆల్బంలో చూస్తే లేదు." కవరు తెరిచి నెగెటివ్ ముక్కలను కౌంటరు మీద వరసగా పరిచింది. "ల్యాబోళ్లు నాలుగేసి నాలుగేసి కోసినారు. ఈ ఒక్కటే పొట్టిగా ఉండాది. అంచున నంబర్లు ఉండాయి చూడు. ఇరవై రెండు తర్వాత ఇరవై ఐదు. రెండు సార్లు మెరిసింది. రెండు తక్కువుండాయి. ఆ రెండిట్లోనే గదన్నా మా అవ్వ ఉండేది?"

పోగులు లెక్కపెట్టడం పుట్టినప్పటినుంచీ తెలిసిన పిల్ల. ఒక పోగు తప్పినా కంటికి ఆనుతుంది. ఆమె లెక్కలో ఏ తప్పూ లేదు. తప్పయిందల్లా నన్ను నమ్మడమే.

"అవి చెడిపోయినాయమ్మా. వెలుతురు పడింది. అందుకే కోసేసినాం" అన్నాను.

"చెడిపోయినా ఏం గాదన్నా. మసకగా ఉన్నా ఇయ్యి. మేం గుర్తుపడ్తాం."

"పారేసినాం."

ఆమె కాసేపు ఆ పొట్టి ముక్కనే చూస్తూ నిలబడింది. ఆమె మోచేతి పక్కనే, అద్దం కింద, పత్రిక ముక్కలో వాళ్ల మగ్గం ఉంది. చేతిసంచి దాని మీద పెట్టి ఉండడంతో ఆమెకు కనబడలేదు. నేను ఆ సంచి కదలకూడదని మొక్కుకుంటూ నిలబడ్డాను. నా జీవితంలో నన్ను నేను అంత నీచంగా చూసుకున్న క్షణం మరొకటి లేదు. తర్వాత ఆమె నెగెటివ్‌లన్నీ కవరులో సర్దుకుని, "యాడాది తద్దినానికన్నా ఒక పటం పెట్టుకుందామనుకుంటి" అని వెళ్లిపోయింది.

పెద్దన్న లోపల గదిలోనుంచి అంతా విన్నాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఉత్తదేనా?"

"ఊఁ."

"ముసలామెకా?"

గుడ్డ తీసుకుని కౌంటరు అద్దం తుడవడం మొదలుపెట్టాను.

"ఉత్త ఫ్లాష్ నేర్పింది నేనే. ఆ పాపంలో నాకూ భాగముండాది, కాదనను. పారేసినామని అన్నావే, అది నీ సొంతం. పా, ఆ పని చూసుకో." అంతే అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు పనికి సంబంధించిన మాట తప్ప నాతో మాట్లాడలేదు. అద్దం కింది పత్రిక ముక్కను మాత్రం తీసేసి నా బల్ల మీద పెట్టాడు.

ఆదివారం ప్యాసింజరు ఎక్కాను. మగ్గం ఫోటో పెద్దది ఒకటి కాగితంలో చుట్టుకుని పోయాను. ధర్మవరం స్టేషన్లో దిగాక రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఎవరి కాళ్ల మీదైనా పడితే బాగుండు, పని తేలిగ్గా అయిపోతుంది అనిపించింది. మాటల్లో చెప్పడమే కష్టం.

నా అదృష్టమో దురదృష్టమో, ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె నాయన నన్ను గుర్తుపట్టి చాప వేశాడు. అవ్వతో పాటు నలభై ఏళ్లు పట్టుదారం కండెలకు చుట్టిన పక్కింటి ముసలామె కూడా వచ్చి గడప మీద కూర్చుంది. నేను చాప మీద కూర్చోకుండానే చెప్పేశాను. ఫ్లాష్ వెనక బొత్తాం సంగతి, ఎండ సంగతి, ఆ రెండు ఫ్రేముల్లో ఉన్నదేమిటో, అన్నీ చెప్పాను. కాగితం విప్పి ఫోటో అమ్మాయి చేతిలో పెట్టాను.

ఆమె నాయన లేచి బయటికి వెళ్లి నిలబడ్డాడు.

ఆ అమ్మాయి ఫోటోను చాలాసేపు చూసింది. "మగ్గం బాగుండాది" అంది. తర్వాత దాన్ని చాప మీద పెట్టి, "మగ్గం ఈడే ఉండాది గదన్నా. చూడాలనిపిస్తే లేసి పోయి చూస్తా. దానికి ఫోటో యాల?" అంది.

ఇన్నేళ్లలో ఆ ఫోటో గురించి చాలామంది చాలా రాశారు. వాటన్నిటి పక్కనా ఆ ప్రశ్న పెట్టి చూసుకుంటూ వచ్చాను.

"పోయే ముందు రోజు గూడా అడిగింది, ఫోటో వచ్చిందా అని" అని తల దించుకుంది. కాసేపటికి తనే కళ్లు తుడుచుకుని, "నువ్వు బొమ్మలు గీసే చదువు చదివినావంట గదా. అవ్వ ముఖం చూసినావు గదా. గీసియ్యి" అంది.

నేను ఇంకొకటి ఒప్పుకోవాల్సి వచ్చింది. మొదటిదానికంటే అదే కష్టమైంది. "నాకు ఆయమ్మ ముఖం గుర్తు లేదమ్మా. నేను చూడలేదు."

"ఎదురుగా నిలబడి మాట్లాడినావు గదప్పా!" అంది పక్కింటి ముసలామె.

"మాట్లాడినా. చూడలేదు."

"కండ్లు పెట్టుకుని ఏం చూస్తాంటివి మరి?"

"ఎండ."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎండకు ధర్మవరం దాకా రావల్నా? హిందూపురంలో కాయదా?" అంది. బయట నిలబడ్డ నాయన ఆ మాటకు ఊపిరి గట్టిగా వదిలాడు. అది నవ్వో ఏడుపో తెలియలేదు కానీ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"సరే, మేం చెప్తాం. నువ్వు గీయి" అంది అమ్మాయి.

అలా మొదలైంది. చెబుతుంటే గీయడం మా చదువులో లేదు. ఎదురుగా ఉన్నదాన్ని గీయడం నేర్పారు, ఎదురుగా లేనిదాన్ని ముగ్గురి నోళ్లలోంచి గీయడం ఎవరూ నేర్పలేదు. ఆ ముగ్గురూ ఏ ఒక్కదానికీ ఒప్పుకునేవాళ్లు కాదు. నాయన తన తల్లి చెవులు పెద్దవన్నాడు. పక్కింటామె కావంది, కమ్మల బరువుకు సాగినాయంది. మనవరాలు నుదురు చిన్నదంది. మొదటి బొమ్మ చూసి పక్కింటామె, "ఇదేమి, కోపంగా ఉండే పోలీసాయన మాదిరి ఉండాది. మీసాలొకటే తక్కువ" అంది. రెండోది చూసి, "ఈమెనెప్పుడో సంతలో చూసినా, మా ఆయమ్మ గాదు" అంది.

నాలుగు ఆదివారాలు పోయాను. వాళ్లు నాకు అన్నం పెట్టారు, అది తినడం కష్టంగా ఉండేది. గీయడం తక్కువ, వినడం ఎక్కువ అయింది. ముక్కు గురించి అడిగితే, ఒక వానాకాలం గుంతలోకి నీళ్లొస్తే రాత్రంతా ఎత్తిపోసి పొద్దున్నే మగ్గంలో కూర్చున్న సంగతి చెప్పేవారు. పెదవుల గురించి అడిగితే, మనవరాలికి జ్వరం వచ్చినప్పుడు ఎవరినెవరిని తిట్టిందో చెప్పేవారు. ఆ ఇంట్లో ఆ మనిషి నిండిపోయి ఉంది. నా కాగితం మీదికి మాత్రం రావడం లేదు. ఏ గీత గీసినా నేను బెంగళూరులో నేర్చుకున్న ఎవరో ఒక ముసలామె వచ్చి కూర్చుంటోంది.

నాలుగో ఆదివారం ఏడో బొమ్మ ముగించాను. అమ్మాయి దాన్ని గోడకు ఆనించి, దూరం పోయి చూసింది, దగ్గరికొచ్చి చూసింది.

"మా అవ్వ గాదు" అంది మెల్లగా. "అవ్వకు అక్క ఉండింటే ఇట్ల ఉంటాండె, అంతే."

"ఇంకొకటి గీస్తానమ్మా."

"చాలన్నా. నీ చెయ్యి నొస్తాది. ఇది ఉండనీ."

ఏడాది తద్దినం రోజున ఆ బొమ్మకే దండ వేశారట. నేను పోలేదు, వాళ్లు పిలవలేదు. ఉత్త ఫ్లాష్ మానేశాను. పెళ్లిళ్లలో తిట్లు తిన్నాను, పెద్దన్న ఏమీ అనలేదు. అయితే దానివల్ల ఏదో తీరిపోయిందని మీరనుకోవద్దు. మానడం నాకోసం, అవ్వకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

రెండువేలు దాటాక, కళాశాలలో ఉద్యోగం వచ్చి హిందూపురం వదిలేయడానికి సర్దుకుంటున్న రోజుల్లో, స్టూడియోకు ఫోను వచ్చింది. "అన్నా, రెండోవాడు పుట్టినాడు. తొట్లెలో వేస్తాండాం. పెనుకొండకు రా. ఫోటోలు నువ్వే తియ్యాల." అది అవ్వ మనవరాలి గొంతని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. నన్నే ఎందుకు పిలిచిందో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇల్లు కొండ కిందుగా, సందు చివర ఉంది. జనం ఇంకా రాలేదు. ముందుగదిలో, గోడ మీద నా ఏడో బొమ్మ, అద్దం కట్టించి ఉంది. దాన్ని తప్పించుకుని ఇంకో గోడ వైపు తిరిగి కెమెరా సర్దుకుంటున్నాను. ఐదేళ్ల పాప ఒకతె వచ్చి పక్కన నిలబడింది. పెద్దబిడ్డ.

"మామా, ఆమె ఎవురో నీకు తెలుసా?" బొమ్మవైపు వేలు చూపించింది.

తప్పదు కదా అని చూశాను. "మీ అవ్వ గదా?"

పాప నన్ను చూసి జాలిపడింది. "గాదు. ఆమె అవ్వ వాళ్ల అక్క మాదిరి ఆమె. మా అవ్వ వేరే."

"అట్లనా. మీ అవ్వ ఎట్లుంటాది?"

పాప ముక్కాలి పీట ఈడ్చుకొచ్చి ఎక్కింది. అద్దం మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. "ముక్కు ఇంత పొడుగు లేదు, ఈడికే అయిపోతాది. ఈ కన్ను కంటే ఈ కన్ను కొంచెం చిన్నది, పట్టు దారం చూసి చూసి అట్లయింది. ఈడ మూతి మింద పుట్టుమచ్చ. ఈమె కోపంగా ఉండాది, మా అవ్వ తిట్టేటప్పుడు గూడా కోపంగా ఉండదు. బుగ్గలు ఇంత లేవు. చెవి ఈడ తెగి, మళ్లా అతుక్కునింది."

ఒక్కో చోట వేలు పెడుతోంది. నేను ఎక్కడ తప్పు గీశానో సరిగ్గా అక్కడల్లా పెడుతోంది. ఆ పాప పుట్టేనాటికి అవ్వ పోయి ఏళ్లయింది. గదిలో నిలబడి వింటూ ఉంటే, మగ్గం పక్కన మడతగీతల చీరలో నిలబడ్డ మనిషికి, ఇన్నేళ్లకు, ముఖం వచ్చింది. ముక్కు, చిన్నకన్ను, పుట్టుమచ్చ, తెగి అతుక్కున్న చెవి, అన్నీ వచ్చాయి.

జేబులో పెన్సిలు వెతుక్కున్నాను. అంతలో తల్లి, చంకలో పసివాడితో, వంటింట్లోంచి వచ్చింది.

"అమ్మా, ఇప్పుడు గీయగలను" అన్నాను. "పాప చెప్తే తెలిసింది. అది దించియ్యి. దిద్దుతా. కాదంటే కొత్తది గీస్తా, ఈసారి తప్పకుండా వస్తాది."

ఆమె బొమ్మ వైపు, పీట మీదున్న కూతురి వైపు చూసింది.

"వద్దులే అన్నా. బొమ్మ సరిగ్గా ఉంటే ఈ పిల్ల నన్ను అడుగుతాదా? చూసి ఊరుకుంటాది." పసివాణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, "దినామూ ఒకటి అడుగుతాది. దినామూ ఒకటి చెప్తా. అట్లనే ఉండనీ" అని తొట్లె దగ్గరికి వెళ్లిపోయింది.

పెన్సిలు జేబులో పెట్టుకుని నేనూ కదలబోయాను. పాప చొక్కా పట్టుకుని ఆపింది.

"యాడికి మామా? ఇంకా చేతులెట్లుంటాయో చెప్పల్యా. చేతులు ఈడ గీయనే లేదు చూడు. కూచో, చెప్తా."

కూర్చున్నాను.